ఎల్‌పీ రికార్డా, సీడీయా: నాదం దేనిలో నిలుస్తుంది?

చిక్కడపల్లి శ్రోత: మా నాన్నగారు సేకరించిన వీణ కచేరీల ఎల్‌పీలను, అంటే ముల్లుతో మోగే పెద్ద రికార్డులను, కోఠిలోని ఒక దుకాణంలో డిజిటల్‌లోకి మార్పించాను. రికార్డులో తీగ మీటిన తరువాత గమకం సన్నబడుతూ తంబురా శ్రుతిలో కలిసిపోతుంది. వారిచ్చిన ఫైలులో అది కత్తిరించినట్టు ఆగిపోతోంది. డిజిటల్ విధానం నాదాన్ని ముక్కలు చేస్తుందనడానికి ఇంతకన్నా రుజువు అక్కరలేదు.

తార్నాక ఇంజనీరు: అది సరికాదండీ. 1982లో మార్కెట్లోకి వచ్చిన సీడీలో శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలుస్తారు. ఒక తరంగంలోని అత్యధిక పౌనఃపున్యానికి (సెకనుకు జరిగే కంపనాల సంఖ్యకు) రెట్టింపు కంటే ఎక్కువ వేగంతో కొలిస్తే దానిని లోటు లేకుండా తిరిగి నిర్మించవచ్చునని గణితం నిరూపించింది. మనిషి చెవికి 20 కిలోహెర్ట్జ్‌కు పైన సాధారణంగా వినిపించదు. పైగా అతి మెల్లని శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య ఒక్కో కొలతను 16 బిట్లలో (0, 1 అంకెలలో) రాసుకునే సీడీ సుమారు 96 డెసిబెళ్ళ తేడాను పట్టుకోగలదు. ఎల్‌పీ 70 దాటడం కష్టం.

చిక్కడపల్లి శ్రోత: నేను 20 కిలోహెర్ట్జ్ గురించి అడగలేదు. ఆ గమకం ఏమైందో చెప్పండి.

మలక్‌పేట వాసి: ముందు రికార్డు ప్లేయరు ముల్లు చూపించుకోండి. అరిగిన ముల్లుతో ఏదీ సరిగా వినిపించదు.

చిక్కడపల్లి శ్రోత: ముల్లు కొత్తదే.

తార్నాక ఇంజనీరు: ముల్లు కొత్తదైనా రికార్డు నిమిషానికి 33⅓ చుట్లే తిరుగుతుంది. లోపలికి వెళ్ళేకొద్దీ చుట్టు పొడవు తగ్గి అంతే సంగీతం ముల్లు నడిచే గాడిలో తక్కువ పొడవులో ఇమడాలి కాబట్టి, చివరి పాటలో గాయకుల సకారాలు చెదురుతాయి.

నల్లకుంట రసికుడు: గమకం తెగడానికి కారణం కొలతలు కావు, రొద తీసే సాఫ్ట్‌వేర్. నాదం తగ్గుతూ గాడి గరగర స్థాయికి దిగగానే అది రెండింటినీ కలిపి తుడిచేస్తుంది. రొద తీయకుండా 24 బిట్లలో మళ్ళీ ఎక్కించి పోల్చి చూడండి.

తార్నాక ఇంజనీరు: తప్పు డిజిటల్‌ది కాదని నేనూ అదే చెబుతున్నాను.

చిక్కడపల్లి శ్రోత: లేదండీ, మీరు చెప్పినది నా చెవిదే తప్పని! ఆ దుకాణంవారు నన్ను అడగకుండా రొద తీశారు. పైగా డిజిటల్ అయ్యాక ఈ రికార్డులెందుకు, అమ్మేయండని సలహా ఇచ్చారు. నా బాధంతా అదే.

తార్నాక ఇంజనీరు: అమ్మడం విషయంలో వారి మాట నాకు తప్పుగా తోచడం లేదు. ముల్లు తగిలిన ప్రతిసారీ గాడి కొంత అరుగుతుంది, వానాకాలంలో అట్టలకు బూజు పడుతుంది. జాగ్రత్తగా ఒక మంచి నకలు తీసుకుంటే అది వెయ్యోసారి కూడా తొలిసారిలాగే పలుకుతుంది.

చిక్కడపల్లి శ్రోత: అది మంచి నకలని తేల్చేదెవరు? ఎల్‌పీ ఇంట్లో ఉండబట్టే గమకం తెగిందని నాకు తెలిసింది. అమ్మేసి ఉంటే వీణ అలాగే పలుకుతుందని మా పిల్లలు అనుకునేవారు. నల్లకుంట వారు చెప్పినట్టు మళ్ళీ ఎక్కిస్తాను, రికార్డులను మాత్రం ఇంట్లోంచి కదిలించను.