నమ్మకమైన దాసుడు ఎవరు? పాస్టరుగారా, మనమందరమా?

కొర్లగుంట అక్క:
అందరికీ వందనాలు. పోయిన ఆదివారం మా సంఘంలో మత్తయి సువార్త 24:45-51 మీద వాక్యం చెప్పారు. యజమానుడు తన ఇంటివాళ్లకు తగిన వేళ అన్నం పెట్టమని ఒక దాసుణ్ణి వాళ్లమీద ఉంచుతాడు. ఆయన వచ్చేసరికి దాసుడు ఆ పనిలోనే ఉంటే ఆస్తంతా వాడి చేతిలో పెడతాడు. అట్లా కాకుండా, యజమానుడు ఇప్పట్లో రాడులే అనుకుని తోటి దాసుల్ని కొట్టి తాగుబోతులతో చేరితే, అనుకోని రోజున వచ్చి కఠినంగా శిక్షిస్తాడు.

దాసుడంటే దైవసేవకుడు, ఇంటివాళ్లంటే విశ్వాసులు, అన్నమంటే వాక్యం అని పాస్టరుగారు చెప్పారు. అంతటితో ఆపలేదు. సేవకుడు లెక్క చెప్పేది యజమానుడికే గనక విశ్వాసులు ఆయన్ని అడగకూడదన్నారు. ఇంటికొచ్చాక మా అత్త, "అయితే మనం తినేవాళ్లమేనా, పెట్టేవాళ్లం కాదా?" అనింది. గడప తొక్కిన ఎవర్నీ ఉత్త కడుపుతో పంపని మనిషి ఆమె. ఆ మాట నన్ను రాత్రంతా నిద్రపోనీలేదు.

నాకు తోచింది ఇది. మన తెలుగు సంఘాల్లో సేవకుడు అనే మాటకు పాస్టరు అనే అర్థం స్థిరపడిపోయింది. అందుకే దాసుడు అని చదవగానే మన చెవికి పాస్టరుగారే వినబడతారు. గ్రీకులో అక్కడున్న మాట దూలోస్, అంటే బానిస. వాడు కొట్టినవాళ్లని కూడా వాక్యం తోటి దాసులనే అంటుంది. పెట్టేవాడూ దాసుడే, తినేవాళ్లూ దాసులే. మీరేమంటారు?

చిత్తూరు మాస్టరు:
అమ్మా, మీ పాస్టరుగారి మాటలో మొదటి సగం కొట్టిపారేయలేం. ఇదే ఉపమానం లూకా 12లో ఉంది. అక్కడ దానికి ముందు పేతురు అడుగుతాడు: ప్రభువా, ఇది మాతోనే చెప్తున్నావా, అందరితోనా? అందుకు జవాబుగానే యేసు ఈ కథ చెప్పాడు. లూకా మొదట దాసుడు అనకుండా గృహనిర్వాహకుడు అన్నాడు, గ్రీకులో ఓయికోనొమోస్. పౌలు తీతుకు రాసినప్పుడు సంఘ అధ్యక్షుణ్ణి దేవుని గృహనిర్వాహకుడు అన్నదీ ఈ మాటతోనే. 1 కొరింథీయులు 4లో తన గురించి, తనతోటి పనివాళ్ల గురించి చెప్పిందీ ఇదే. సంఘాన్ని నడిపించేవాళ్లకు ఈ ఉపమానం సూటిగా తగులుతుంది. అందరికీ సమానంగా పంచేస్తే ఆ పదును పోతుంది.

పుత్తూరు తమ్ముడు:
మా చిన్నాన్న వాళ్లు యెహోవాసాక్షులు. వాళ్లకు ఇది మామూలు ఉపమానం కాదు, సంస్థకు పునాది లాంటిది. భూమ్మీదున్న అభిషిక్తులందరూ, అంటే పరలోకానికి ఎంపికైనవాళ్లని వాళ్లు నమ్మేవాళ్లందరూ, కలిపి ఆ దాసుడని చాలా కాలం బోధించారు. 2013 నుంచి పరిపాలక సభ అనే చిన్న గుంపే ఆ దాసుడని, 1919లో క్రీస్తు ఆ దాసుణ్ణి నియమించాడని చెప్తున్నారు. చిన్నాన్న నిజాయితీగా నమ్ముతాడు, ఆయన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ పాస్టరుగారే దాసుడు అన్నా, ఫలానా సభే దాసుడు అన్నా అడుగు ఒకటే కదా. ముందు కుర్చీ చూపించి, తర్వాత ఆ కుర్చీని అడగొద్దంటున్నారు.

చిత్తూరు మాస్టరు:
ఆ రెండూ ఒకటి కావు తమ్ముడూ. బాధ్యత ఉందనడం వేరు, జవాబుదారీ లేదనడం వేరు. నేను మొదటిది ఒప్పుకుంటాను, రెండోదాన్ని ఒప్పుకోను.

తిరుచానూరు రోడ్డు వంటాయన:
నాకు గ్రీకు రాదు సార్. ఇరవై రెండేండ్లుగా హాస్టళ్లలో వంట చేస్తా ఉండా. తగిన వేళ అన్నం అనే మాట చదివితే నాకు గంట గుర్తొస్తాది. ఎనిమిదిన్నరకు పిల్లోళ్లు బడికి పోవాల. ఎనిమిదీ నలభైకి ఉప్మా దించితే అది ఎంత రుచిగా ఉన్నా అన్నం పెట్టినట్టు గాదు.

ముందు నేను పనిచేసిన ఒక చోట ఇన్‌చార్జి ఒకాయన ఉండె. పైనుంచి తనిఖీకి వచ్చే ఆఫీసరు నాలుగు నెలలు రాలా. మొదటి నెల కోడిగుడ్డు వారానికి మూడు నుంచి రెండు అయ్యింది. తర్వాత పప్పులో నీళ్లు ఎక్కువైనాయి. ఆనక ఒక పిల్లోడు సంగటి ఇంకొంచెం అడిగితే చెంప మీద కొట్టినాడు. ఇంగ రారులే అని ఆయన ఎవరితోనూ నోరు తెరిచి అనలా, మనసులో అనుకున్నాడు. బైబిల్లో కూడా 'తన మనస్సులో అనుకొని' అనే ఉండాది. ఆ మాట చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. నేను కూడా ఆ పప్పు వండినోడినే, నోరు మూసుకుని వండినా. ఆ దాసుడు పాస్టరే అని మీరు తేల్చేస్తే నేను తప్పించుకున్నట్టు అవుతాది. అది నాకొద్దు.

కొర్లగుంట అక్క:
అన్నా, మీ మాట చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. మీరు గ్రీకు రాదన్నారు గానీ లూకా అక్కడ అన్నానికి వాడిన మాటకు కొలిచి ఇచ్చే ధాన్యం, అంటే మనం రేషను అనేదే అర్థం. ఎవరి వంతు వాళ్లకు, ఆ వేళకు. వాక్యం అనే అర్థం అందులో లేదని అనను. కానీ ముందు అది గిన్నెలో పడే తిండి.

చిత్తూరు మాస్టరు:
వంటాయన గారూ, మీరు రాసింది చూశాక నేనూ ఒక మెట్టు దిగాలి. మత్తయి చదివితే ఇద్దరు దాసులు, ఒకడు మంచివాడు, ఇంకొకడు చెడ్డవాడు అనిపిస్తుంది. కానీ గ్రీకులో 'ఆ చెడ్డ దాసుడు' అని ఉంది. లూకాలోనూ అంతే, 'ఆ దాసుడు'. అంటే ఒక్కడే మనిషి, వాడి ముందు రెండు దారులు. మంచి దాసుడని ఎవరికీ ముందే బిరుదు ఇవ్వలేదు. నాలుగో శతాబ్దంలోనే యోహాను క్రిసోస్తం అనే క్రైస్తవ బోధకుడు ఈ భాగం మీద ప్రసంగిస్తూ ఇది లోకాధికారులకు కూడా తగుతుందని, డబ్బు, మాట, అధికారం ఏది చేతిలో ఉన్నవాడైనా దానికి లెక్క చెప్పాలని అన్నాడు. పాస్టరుకు తగలదని కాదు, పాస్టరు దగ్గరే ఆగదు.

పుత్తూరు తమ్ముడు:
మరి శిక్ష సంగతో? 'నరికించి' అని ఉంది. చిన్నప్పటి నుంచి ఆ మాట దగ్గర నాకు భయమే. భయపడి అన్నం పెడితే అది నమ్మకమా?

చిత్తూరు మాస్టరు:
లూకాలో ఇంకో రెండు వచనాలున్నాయి. యజమానుని చిత్తం తెలిసి చేయనివాడికి ఎక్కువ దెబ్బలు, తెలియక చేయనివాడికి తక్కువ. ఎక్కువగా ఇచ్చిన వాని దగ్గర ఎక్కువగా అడుగుతారు. తీర్పు కూడా కొలతతోనే ఉంది, అందరికీ ఒకే కొరడా కాదు. భయం సంగతి మాత్రం నేను తేల్చలేను.

తిరుచానూరు రోడ్డు వంటాయన:
తమ్ముడూ, తిరుమల కొండ మీద 1985 నుంచి నిత్యాన్నదానం జరుగుతా ఉంది గదా. మనది ఆ మతం గాకపోయినా చెప్తా. ఒగసారి మా వాళ్లతో పోయి ఆ పంక్తిలో కూర్చున్నా. వడ్డించే మనిషి నా ఊరు అడగలా, పేరు అడగలా. ఆకు నిండినాదా లేదా అని చూసినాడు, ముందుకు పొయినాడు. ఆయన మొగంలో నాకు భయం కనపడలా.

కొర్లగుంట అక్క:
నాకొకటి తెలిసింది. నమ్మకమైనవాడును బుద్ధిమంతుడునైన దాసుడెవ్వడు అని యేసు అడిగాడు. ప్రశ్న వేసి పేరు చెప్పలేదు. పేతురు సూటిగా అడిగినా చెప్పలేదు. యజమానుడు వచ్చి చూసేదాకా ఆ ఖాళీ అట్లాగే ఉంటుంది. ఇప్పుడే అందులో ఎవరి పేరు రాసినా, నాదైనా పాస్టరుగారిదైనా, ఆయన రాకముందే తీర్పు చెప్పినట్టే. మత్తయిలో దీని తర్వాత వచ్చే కన్యకల కథలో పెండ్లికుమారుడూ ఆలస్యం చేస్తాడు, తలాంతుల కథలో యజమానుడూ చాలా కాలం తర్వాతే వస్తాడు. ఆ ఆలస్యంలోనే మనిషి ఎవరో బయటపడతాడు.

నిన్న ఈ మాటే పాస్టరుగారికి చెప్పాను. కోపపడలేదు. కాసేపు తల వంచుకుని, శుక్రవారం మీ ఇంట్లో జరిగే కూడికలో లూకా భాగం చదువుదాం, మీ అత్తగారిని కూడా మాట్లాడమనండి అన్నారు. మీరు ముగ్గురూ రండి. సాయంత్రం ఆరున్నరకు.

తిరుచానూరు రోడ్డు వంటాయన:
ఆరున్నరకు నాకు కుదర్దక్కా, పిల్లోళ్లకు రాత్రి కూడు ఏడున్నరకు. వడ్డించి పాత్రలు తోమించినాక ఎనిమిదిన్నరకు వస్తా. అప్పటిదాకా ఉంటారా?

కొర్లగుంట అక్క:
ఉంటాం అన్నా. మీకు అన్నం తీసిపెడతానని అత్త చెప్పమనింది.