మూడడుగుల జాగాలో తీగ గులాబీ: పెట్టాలా వద్దా, పెడితే ఏ రకం?

గేటుపక్క మట్టి: ఇల్లు హైదరాబాద్‌లో. తూర్పు ప్రహరీ వెంట మూడడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవున మట్టి ఉంది. తీగ గులాబీ మీద మనసు పడింది. నర్సరీ ఆయన్ని అడిగితే "ఏదైనా ఒకటేనమ్మా, పాకుతుంది" అన్నాడు. మా అత్తగారేమో గేటు దగ్గర ముళ్ళ మొక్క వద్దే వద్దంటున్నారు. మీరేమంటారు?

సన్నజాజి పార్టీ: మీ అత్తగారికే నా ఓటు. గులాబీ తనంతట తాను దేన్నీ చుట్టుకోదు, ప్రతి కొమ్మనూ మనమే కట్టాలి. వానల్లో ఆకులకు నల్లమచ్చ తెగులు, ఎండల్లో ఎర్రనల్లి పురుగు. గేటు తీసినప్పుడల్లా కొంగు చిక్కుకుంటుంది. అదే జాగాలో సన్నజాజి పెట్టండి, సాయంత్రమయ్యేసరికి వీధంతా ఘుమఘుమలాడుతుంది.

కడియం యాత్రికుడు: ఏదైనా ఒకటే అన్నమాట మాత్రం శుద్ధ తప్పు. ఇల్లంతా కప్పేసినట్టు నెట్‌లో కనిపించే ఫొటోలు చాలావరకు రాంబ్లర్లవి, అంటే విపరీతంగా అల్లుకుపోయే తీగ గులాబీలవి. వాటిలో ఎక్కువ రకాలు ఏడాదికి ఒక్కసారే, అదీ పాత కొమ్మల మీద పూస్తాయి. చాలా రకాలు ఇరవై అడుగులు దాటిపోతాయి. మీకు కావాల్సింది ఎనిమిది, పదడుగుల దగ్గర ఆగి, విడతలు విడతలుగా పూసే క్లైంబర్. టీ, నోయిసెట్ అనే పాత గులాబీ వంశాల రకాలు మన వేడికి బాగా ఓర్చుకుంటాయి. 1864 నాటి ఫ్రెంచి రకం మారెషల్ నీల్‌ని చలి దేశాల్లో గాజు ఇళ్ళలో పెంచేవారు, మనకు ఆరుబయటే చాలు. పసుపు పూలు తల వంచుకుని ఉంటాయి కాబట్టి కింద నిలబడి చూసేవాళ్ళకే అందం. కాస్త పెద్దదవుతుంది, కాబట్టి ఒక్క మొక్కే పెట్టి గోడ పొడవునా పడుకోబెట్టండి.

సన్నజాజి పార్టీ: ఆ సంబరం నేనూ చూశాను సార్. పై కొసన నాలుగు పూలు, కిందంతా మోడు.

కడియం యాత్రికుడు: నిలువుగా కడితే అంతేనండీ! కొస ఆకాశం వైపు ఉన్నంతకాలం కింది కణుపులు నిద్రపోతాయి. లేత కొమ్మను వంగే వయసులోనే అడ్డంగా వంచి తీగకు కట్టండి. ప్రతి కణుపు దగ్గరా ఎర్రటి మొగ్గ ఉబ్బి, జానెడు రెమ్మలు లేస్తాయి. పూసేవి అవే. ముదిరాక వంచితే ఫట్‌మని విరుగుతుంది. ఇంకోటి, పేరుకు ముందు 'క్లైంబింగ్' అని ఉన్న రకాలు చాలావరకు పొద గులాబీ నుంచి పుట్టిన తీగలు. అక్టోబర్‌లో పొదలతో పాటు వాటినీ మొదటికి కత్తిరిస్తే మళ్ళీ పొదగా మారిపోవచ్చు. మొదటి రెండేళ్ళు ఎండుకొమ్మ తప్ప ఏదీ కోయకండి.

కొండగాలి: మన సంగతి ఒకటి ఎవరూ ఎత్తలేదు. ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐఏఎస్ ఉద్యోగం మానేసి కొడైకెనాల్‌లో స్థిరపడిన ఎం.ఎస్. వీరరాఘవన్ గారు, వేడి ప్రాంతాల కోసమే గులాబీలు సృష్టించారు. మణిపూర్ కొండల అడవి గులాబీ రోజా జైగాంటియాతో సంకరం చేశారు. ఒక తీగ రకానికి గోల్డెన్ థ్రెషోల్డ్ అని పేరు పెట్టారు, మన హైదరాబాద్‌లో సరోజినీ నాయుడు గారింటి పేరే. అది పెట్టండి.

కడియం యాత్రికుడు: ఆయనంటే నాకూ గౌరవమే. కానీ భారీగా పాకే జైగాంటియా సంతతికి మూడడుగుల మట్టి ఏ మూలకు? అభిమానం వేరు, జాగా కొలత వేరు.

గేటుపక్క మట్టి: సరే, పెడితే ఎలా నాటాలి? ఏడాకుల రెమ్మ వస్తే అంటుకు కింద వాడిన అడవి గులాబీది, పీకేయాలంటారు, నిజమేనా?

కడియం యాత్రికుడు: నమ్మకండి, తీగ గులాబీల్లో చాలావాటికి సహజంగానే ఏడాకులుంటాయి. మట్టి తీసి చూడండి. అంటు కట్టిన చోటికి కింద నుంచి వస్తే పీకేయండి, పైనుంచి వస్తే అదే మీ బంగారం. గోడకు అడుగు ఎడంగా, గేటుకు నాలుగడుగుల దూరంలో నాటండి. మీది తూర్పు గోడ కాబట్టి ఇంటివైపు మధ్యాహ్నం ఎండ ఎంతసేపు పడుతుందో ముందు చూసుకోండి. మే నెలలో కాలిన గోడ సెగకే ఎర్రనల్లి రెచ్చిపోతుంది. పొద్దున్నే ఆకుల అడుగున గట్టిగా నీళ్ళు కొట్టాలి.

సన్నజాజి పార్టీ: మేలో పొద్దున్నే నీళ్ళట! మా వీధిలో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది.