ఇంట్లో చేసుకున్న క్యాంపింగ్ ట్రైలరు: వెనక లైట్లు బాడీలోకి దింపాలా, బయట బ్రాకెట్ మీద బిగించాలా?

కావలి_గుడారం
అన్నలూ, ఒక పంచాయితీ తీర్చండి. మారుతి 800 వెనక యాక్సిల్ ఒకటి పాత సామాన్ల కొట్లో దొరికితే, 40×40 చదరపు పైపుతో ఛాసీ కట్టించి, దాని మీద మెరైన్ ప్లై పెట్టె చేయించా. బొలెరోకి తగిలించుకొని పిల్లలతో మైపాడుకీ, ఉదయగిరికీ పోయొచ్చాం. పెట్టె బానే ఉంది. లైట్లే ప్రాణం తీస్తున్నాయి. 3 మిల్లీమీటర్ల ప్లేటు రెండు ముక్కలు కోయించి, వెనక పైపు కింద వేలాడేట్టు వెల్డు చేయించి, ట్రాక్టరు ట్రక్కులకి వేసే లైట్లు బిగించా. మైపాడులో ఇసుకలోకి దిగేటప్పుడు కుడి లైటు పగిలింది. ఉదయగిరి నుంచి వస్తుంటే ఎడమ ప్లేటు వెల్డు పక్కన చీలి, లైటు వైరు పట్టుకొని వేలాడతా ఉంది. కలిగిరి దగ్గర వెనకొచ్చే లారీ ఆయన హారన్ కొట్టి చెప్పేదాకా నాకు తెలీదు.

మా బావ బాడీకి రంధ్రం కోసి లోపలికి దింపమంటాడు. నాకు మళ్ళీ బయట బ్రాకెట్టే, కాకపోతే ఈసారి గట్టిగా చేయిద్దామని ఉంది. ఏమంటారు?

సుత్తి_శానం
మీ బావ మాటే కరెక్టు. నేను ట్రక్కులు కట్టేవాణ్ణి. బయటికి పొడుచుకొచ్చింది ఏదైనా ఏదో ఒకరోజు గోడకి తగలాల్సిందే. నీ ప్లేటు చీలడంలో వెల్డింగు తప్పేమీ లేదు. ఆ ప్లేటు ఒక్క అంచు మీద వేలాడింది, పక్కన ఆనించిన మూలపట్టీ లేదు. ఖాళీ ట్రైలరు గుంటలో పడితే లోడు బండి కన్నా ఎక్కువ ఎగురుతుంది, లైటు బరువు ఆ అంచుని అటూ ఇటూ వంచుతానే ఉంటుంది. కట్టుతీగని చేత్తో వంచి వంచి తెంపుతాం చూడు, అదే. రేకుని గిన్నెలా మడిచి బాడీలోకి దించు, లైటు అంచు కన్నా అరంగుళం లోపల కూర్చోవాలి. అప్పుడు గోడకి బాడీ తగుల్తుంది, లైటు తగల్దు.

కొత్తపట్నం_గాలి
ప్లైవుడ్‌కి రంధ్రం కోయడమా! సముద్రం పక్కన ఉండి చెప్తున్నా, వద్దు. 4 అంగుళాల గుండ్రటి లైటుని రబ్బరు రింగుతో దింపాలంటే నాలుగున్నర అంగుళాల రంధ్రం కావాలి. ఆ కోసిన అంచు ఉంది చూశారా, ప్లై పొరలన్నీ అక్కడే నోరు తెరుచుకొని ఉంటాయి. ఎపాక్సీ పూసినా రబ్బరు రాపిడికి గీసుకుపోయిన చోట నీళ్ళు తాగుతుంది. ఒక్క వానాకాలం చాలు, ఉబ్బుతుంది. మడిచిన రేకు గిన్నెలో నీళ్ళు నిలిస్తే అది వేరే కథ, కింద కారడానికి బెజ్జం పెట్టకపోతే మన ఉప్పుగాలికి ఆ గిన్నె జల్లెడే.

ఇసుక తగలడానికి కారణం బ్రాకెట్ కాదు, ఎత్తు. పైపు కింద వేలాడదీస్తే బీచ్‌లోకి దిగేటప్పుడు తోక ముందు నేలకి తగుల్తుంది. లైట్లని పెట్టె మూలల మీదికి ఎక్కించు. నేను వాడేది చెప్తా: క్రషర్ల దగ్గర అరిగిపోయిన కన్వేయరు బెల్టు పారేస్తారు. అందులోంచి అరచేయంత ముక్క కోసి బాడీకీ బ్రాకెట్‌కీ మధ్య పెట్టు. రెండు 6 మిల్లీమీటర్ల స్టీలు బోల్టులు, వెడల్పు వాషర్లు, నైలాక్ నట్లు (లోపల నైలాన్ రింగు ఉండి అదురుకి వదులవ్వనివి). రబ్బరు కొంచెం ఉబ్బేదాకా బిగించు, అంతకన్నా వద్దు. ఎగుడుదిగుడంతా రబ్బరే తాగేస్తుంది. పగిలితే రెండు నట్లు విప్పి పది నిమిషాల్లో మార్చుకోవచ్చు.

సుత్తి_శానం
రబ్బరు మీద కూర్చోపెడితే ఎర్త్, అదే కరెంటు బ్యాటరీకి తిరిగి పోయే దారి, యాణ్ణుంచి వస్తది సామీ? ఆ ట్రక్కుల లైట్లు బాడీ ద్వారానే ఎర్త్ తీసుకుంటాయి. నీ బెల్టు ముక్క దాన్ని తెంపేసింది. లైటు ఊడదు, వెలగదు కూడా.

పొదిలి_కరెంటు
ఈ ఒక్క ముక్కలో ఆయన అడిగింది న్యాయమే, కానీ జవాబు లైటుని బాడీకి ఆనించడం కాదు. బాడీ ఎర్త్‌ని నమ్ముకోవడమే తప్పు. బండి నుంచి ట్రైలరు లైట్లకి కరెంటిచ్చే ఏడు పిన్నుల సాకెట్‌లో 3వ పిన్ను తెల్ల వైరు, అది ఎర్త్‌కే. ఆ వైరుని సాకెట్ నుంచి ఒక్కో లైటు దాకా నేరుగా లాగండి, ఛాసీకి మధ్యలో తగిలించి వదిలేయకండి. 1 ఎడమ ఇండికేటరు పసుపు, 4 కుడి ఇండికేటరు ఆకుపచ్చ, 6 బ్రేకు ఎరుపు, 5 కుడి వెనక లైటు గోధుమ, 7 ఎడమది నలుపు. 2 నీలం, ఫాగ్ లైటుది, మనకి అక్కర్లేదు.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే: బ్రేకు తొక్కితే రెండు 21 వాట్ల బల్బులు, 42 వాట్లు, 12 వోల్టుల మీద మూడున్నర ఆంపియర్లు. తుప్పు పట్టిన బోల్టు దగ్గర ఒక్క ఓమ్ అడ్డం వచ్చిందా, సుమారు 3 వోల్టులు ఆడనే పోతాయి. బల్బుకి సగం వెలుగు కూడా రాదు. ఇంకో గుర్తు: ఇండికేటరు వేస్తే దాంతో పాటు వెనక లైటు కూడా మినుకుమినుకుమంటుంటే, బల్బులు మార్చి డబ్బులు తగలేసుకోవద్దు, ఎర్త్ పోయిందని అర్థం. కరెంటు ఇంటికి పోయే దారి లేక పక్క బల్బులోంచి దూరి పోతా ఉంటుంది.

రాత్రి_లోడు
మీరంతా బండి పక్కన నిలబడి మాట్లాడుతున్నారు, నేను వెనక నుంచి చూసేవాణ్ణి. చీమకుర్తి నుంచి గ్రానైట్ ఎక్కించుకొని రాత్రుళ్ళు హైవే మీద పోతుంటా. అరంగుళం లోపలికి దింపిన లైటు, బండి తిన్నగా పోతున్నంతసేపే. టంగుటూరు దాటాక ఏ ధాబాలోకో అడ్డంగా తిరిగాడనుకోండి, పక్క నుంచి చూసేవాడికి అది బావిలో దీపం. యూరప్ నిబంధనల్లో వెనక లైటు నేల నుంచి 350కి తగ్గకుండా 1500 మిల్లీమీటర్లకి మించకుండా, బండి వెడల్పు అంచు నుంచి 400 లోపల ఉండాలంటారు. పక్కకి కూడా కనపడాలంటారు. లైట్లు మధ్యకి జరిపి పెట్టినవాడి బండి రాత్రి స్కూటర్‌లా కనపడుతుంది, మనం ఆ లెక్కనే పక్కకి తప్పిస్తాం.

ఇంకోటి. వెనక టార్పాలిన్, కుర్చీలు వేలాడదీసి కడతారే, అది లైటు మీద పడకుండా చూసుకోండి. వరిగడ్డి ట్రాక్టర్ల దగ్గర చూసే బాధే ఇది. రెండు ఎర్ర రిఫ్లెక్టర్లు విడిగా అతికించండి, వైరు తెగినా అవి పనిచేస్తాయి.

సుత్తి_శానం
పక్కకి కనపడాలంటే గిన్నెకి బయటి వైపు గోడ కోసేస్తే సరి, మూడు వైపులా కాపు ఉంటుంది. నీళ్ళూ ఆ వైపు నుంచే పోతాయి. బెల్టు ముక్క సంగతి, ఎండకి రెండేళ్ళలో బిరుసెక్కి పగుల్తుంది. అప్పుడు ఎవరు బిగిస్తారు నట్లు?

కొత్తపట్నం_గాలి
నేనే బిగిస్తా. నాది నాలుగో ఏడు నడుస్తా ఉంది, పగల్లేదు.

తడ_పిల్లోడు
ట్రైలరుకి రిజిస్ట్రేషన్ ఉందా అన్నా? 1988 చట్టంలో ట్రైలరు కూడా మోటారు వాహనమే.

కావలి_గుడారం
దానికి వేరే తిప్పలు పడతా ఉన్నా తమ్ముడూ, ఈడ కలపొద్దు.

నిన్న కొలతలు తీశా. పెట్టె మూల మీద, నేల నుంచి 780, అంచు నుంచి 60 మిల్లీమీటర్లు. 5 మిల్లీమీటర్ల పట్టీని ఎల్ ఆకారంలో వంచి, బెల్టు ముక్క పెట్టి బోల్టులే వేస్తున్నా. ప్లైకి రంధ్రాలు అంటే ఆ బోల్టులకీ వైరుకీ మాత్రమే. తెల్ల వైరు పొదిలి అన్న చెప్పినట్టు నేరుగా లాగా, బ్రేకు తొక్కితే పాత బల్బులే కొత్తవాటిలా వెలిగాయి. ఇన్నాళ్ళూ నేను బ్రాకెట్‌ని తిట్టుకున్నా, వెలుగు తక్కువైంది మాత్రం ఎర్త్ వల్ల.

బావ ఒప్పుకోలేదు. కుడి వైపు తన పద్ధతిలో ఒకటి చేసి చూపిస్తానని గిన్నె మడిచి తెచ్చాడు. వద్దన్నా వినేట్టు లేడు.

సుత్తి_శానం
చేయనీ. ఒక వైపు ఆయనది, ఒక వైపు నీది. సంక్రాంతికి రెండిటి ఫోటోలు పెట్టు.