అద్దె ఇంటి పెరట్లో మొదటి తోట

ప్రశ్న: పెద్దలందరికీ నమస్కారం. మేము ఈ దేశానికి వచ్చి రెండు నెలలైంది. అద్దె ఇంటి వెనుక చిన్న పెరడు ఉంది. ఇక్కడి చలికి తగినట్లు ఏ విత్తనాలు, ఎప్పుడు వేయాలో దయచేసి చెప్పండి.

జవాబు 1: విత్తనాల సంగతి తరువాత, ముందు అద్దె ఒప్పందం తీసి చదవండి. మొదటి ఏడాది మేము యజమానిని నోటిమాటగా అడిగి, ఆయన తలూపగానే పచ్చిక చెక్కి నాలుగు మళ్లు కట్టాం. ఇల్లు ఖాళీ చేసే రోజున ఆయన ఒప్పందంలో ఒక వాక్యం కింద వేలుపెట్టి, రాతపూర్వక అనుమతి లేనిదే నేల తవ్వకూడదని చదివి వినిపించి, పచ్చిక మళ్లీ పెంచడానికయ్యే ఖర్చును డిపాజిట్‌లో మినహాయించుకున్నారు. అప్పటికి టమాటాలు ఇంకా పచ్చిగానే వేలాడుతున్నాయి. అనుమతి కాగితం మీదికి వచ్చేదాకా కుండీలతో సరిపెట్టుకోండి.

జవాబు 2: ఆయన అడిగింది చలి గురించి కదా! చలి మండలాల పటం చూసుకుంటే చాలు. అమెరికా వ్యవసాయ శాఖ పటంలో 13 మండలాలున్నాయి, 2023లో దానిని సవరించారు కూడా. మీ మండలం సంఖ్య తెలిస్తే అన్నీ తెలిసినట్లే.

జవాబు 3: అన్నీ తెలియవండీ. ఏటా వచ్చే అతి చలి రాత్రి ఉష్ణోగ్రతల సగటును మాత్రమే ఆ పటం చెబుతుంది కనుక, ఏళ్ల తరబడి బతికే చెట్లు శీతకాలాన్ని తట్టుకుంటాయో లేదో తెలుసుకోవడానికి అది పనికివస్తుంది. టమాటా, బెండ వంటివాటికి వసంతంలో చివరి ఫ్రాస్ట్ (లేత మొక్కలను చంపే గడ్డకట్టే చలి) తేదీ కావాలి. అదీ సగటు లెక్కే కాబట్టి ఆ తేదీ దాటాక రెండు వారాలు ఆగడం మేలు. బెండకైతే మట్టి కనీసం 18 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కాలి. చల్లని గాలి పల్లానికి దిగి అక్కడే నిలుస్తుంది కనుక, పెరట్లో పల్లపు మూలను లేత మొక్కలకు కేటాయించకండి.

జవాబు 2: పదిహేనేళ్లుగా పటం చూసే వేస్తున్నాను. మా చిక్కుడు పాదు కంచె అంతా కమ్ముకుంటుంది. పూత రాకపోవడం ఎరువు ఎక్కువై మాత్రమే.

జవాబు 3: నత్రజని ఎక్కువైతే ఆకే పెరుగుతుందన్నది నిజమే. అయితే మీ పాదు ఏటా చలి ముంచుకొచ్చే వేళకే మొగ్గ తొడుగుతోందని మీరే ఒకసారి రాశారు. పాత తీగ రకాల చిక్కుడు పగళ్లు పొట్టివైతే తప్ప పూయదు. భూమధ్యరేఖకు దూరంగా వేసవి పగళ్లు బాగా పొడుగు కాబట్టి, అది పూతకు వచ్చేసరికి ఫ్రాస్ట్ దిగుతుంది. పగటి నిడివితో నిమిత్తం లేని అర్క జయ్, అర్క విజయ్ వంటి పొట్టి రకాలున్నాయి. కుండీకీ అవే అనుకూలం. అయితే విత్తనాలను సరిహద్దు దాటించే ముందు మీరున్న దేశపు మొక్కల దిగుమతి నిబంధనలు చూడండి.

ప్రశ్న అడిగినవారు: అందరికీ కృతజ్ఞతలు. ఒప్పందం తీసి చూశాను, ఆ వాక్యం మా దానిలోనూ ఉంది. యజమానికి ఈరోజే ఉత్తరం రాస్తున్నాను. ఈలోగా ఎండ ఎక్కడెక్కడ ఎంతసేపు ఉంటుందో గంటగంటకూ గుర్తు పెట్టుకుంటున్నాను. గోడ పక్కన ఆరు గంటలు పడుతోంది.

జవాబు 1: అయితే కుండీలు అక్కడే పెట్టండి. అడుగున రంధ్రాలు ఉన్నాయో లేదో చూసుకోండి.