కలాం గారి తొలి రాకెట్ ఎందుకు పడిపోయిందో పిల్లలకి ఎలా చెప్పాలి?

మాది బొబ్బిలి. ఎనిమిదో తరగతి చదివే మా మేనకోడలు కలాం గారి మీద వక్తృత్వ పోటీకి తయారవుతోంది. రామేశ్వరంలో పేపర్లు వేసిన కుర్రాడు 2002లో రాష్ట్రపతి అయ్యారన్నది అందరూ చెప్పేదే, వినీ వినీ జడ్జీలకీ విసుగే. మా గుంట మాత్రం 1979 ఆగస్టు 10ని పట్టుకుంది. ఆయన ప్రాజెక్ట్ డైరెక్టర్‌గా ఉన్న ఎస్ఎల్‌వీ-3 రాకెట్ ఆరోజు శ్రీహరికోట నుంచి లేచి 317 సెకన్లకి బంగాళాఖాతంలో పడింది. బాధ్యత నెత్తినేసుకున్నది ఇస్రో ఛైర్మన్ సతీష్ ధావన్. 1980 జులై 18న రెండో ప్రయోగం గెలిచాక మాత్రం ధావన్ మైకు కలాం గారికిచ్చారు. ఇదంతా గడగడా చెప్తోంది.

చిక్కల్లా ఒక్కచోటే. రెండో దశ కంట్రోల్ వ్యవస్థలో వాల్వు చెడి నైట్రిక్ యాసిడ్ కారిపోయిందట. "యాసిడ్ కారితే రాకెట్ ఎందుకు పడాలి మామయ్యా?" అంటోంది. నేను చదివింది కామర్స్! తెలిసినవాళ్లు తేలిక తెలుగులో నాలుగు ముక్కలు చెప్పరూ? పోటీ శనివారమే.