దాడి జరుగుతుంటే స్టేటస్ పేజీ ఎవరి కోసం? (ఆర్చ్ లినక్స్, 2025 ఆగస్టు)

కృష్ణలంక_కుర్రోడు:
తెలియనివాళ్ల కోసం ముందు విషయం చెప్తాను. 2025 ఆగస్టులో ఆర్చ్ లినక్స్ (స్వచ్ఛంద సేవకులు నడిపే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) మీద డీడాస్ దాడి జరిగింది, అంటే ఎన్నో కంప్యూటర్ల నుంచి ఒకేసారి దొంగ ట్రాఫిక్ పంపి సైటును ముంచేయడం. మెయిన్ సైటు, ఫోరమ్, వాడుకరులే ప్యాకేజీ స్క్రిప్టులు (సాఫ్ట్‌వేర్‌ను ఇన్‌స్టాల్ చేసే స్క్రిప్టులు) పెట్టే ఏయూఆర్, ఈ మూడింటికీ దెబ్బ తగిలింది. ఆగస్టు 21న ప్రాజెక్టు వాళ్లు ప్రకటన ఇచ్చారు. ఇకనుంచి స్టేటస్ పేజీలో (ఏ సర్వీసు నడుస్తోందో, ఏది పడిందో చూపే పేజీ, బాగుంటే పచ్చరంగు) ఎప్పటికప్పుడు సమాచారం పెడతాం అన్నారు. దాడి నడిచినంతకాలం దాని సాంకేతిక వివరాలు, ఎక్కడినుంచి వస్తోందన్నది, ఎలా అడ్డుకుంటున్నామన్నది మాత్రం బయటపెట్టం అన్నారు. ఇలా దాచిపెట్టడం సబబేనా? నేనైతే కాదంటాను. మీరేమంటారు?

టెర్మినల్_తాత:
అప్‌డేట్లు ఆగలేదు. ముందు అది ఒప్పుకుని మాట్లాడుకుందాం. ఆర్చ్‌లో సాఫ్ట్‌వేర్ పెట్టే టూల్ ప్యాక్‌మ్యాన్. అది ప్యాకేజీలను దించుకునేది మిర్రర్ల నుంచి, అంటే నకలు సర్వర్ల నుంచి. అవి ప్రపంచమంతా ఉన్నాయి, వాటిని నడిపేది వేరేవాళ్లు. సైటు పడినప్పుడు పోయేది మంచి మిర్రర్లను ఎంచిపెట్టే రిఫ్లెక్టర్ లాంటి టూల్స్ చదివే మిర్రర్ల జాబితా. దానికీ దారి చెప్పారు, ప్యాక్‌మ్యాన్-మిర్రర్‌లిస్ట్ ప్యాకేజీలో ఉన్న జాబితా వాడుకోమని.

పెంగ్విన్_పిల్ల:
క్లౌడ్‌ఫ్లేర్ (సైట్లకు ముందు నిలబడి దాడులను అడ్డుకునే కంపెనీ) వెనక్కి వెళ్తే ఒక్క రోజులో అయిపోయేది కదా.

టెర్మినల్_తాత:
అలా వెళ్తే మన ట్రాఫిక్ అంతా వాళ్ల దగ్గర విప్పాలి, లాగిన్ పాస్‌వర్డులతో సహా. అందుకే ఖర్చు, భద్రత, నైతిక ప్రమాణాలు చూసుకుని రక్షణ సంస్థను ఎంచుకుంటాం అని ప్రకటనలో రాశారు. తొందరపడి చేసే పని కాదు.

కృష్ణలంక_కుర్రోడు:
తాతగారూ, నేను అడిగింది మిర్రర్ల గురించి కాదు. ఏయూఆర్ మీద ఆధారపడినవాడి సంగతేంటి? వాడికి అప్‌డేట్ ఆగినట్టే.
నా కోపం ఎక్కడినుంచి వచ్చిందో చెప్తాను. మా ఆఫీసు డబ్బు కట్టి వాడే ఒక హోస్టింగ్ కంపెనీ ఉంది. ఒక సాయంత్రం వాళ్ల సర్వర్లు పడిపోయాయి. వాళ్ల స్టేటస్ పేజీ మాత్రం పచ్చగానే ఉంది. సపోర్టుకి ఫోన్ చేస్తే "సమస్య మీ అప్లికేషన్‌లో ఉంది" అన్నారు. మేనేజర్ ఆ పేజీ చూపించి నన్ను అందరి ముందూ కడిగేశాడు. ఆ రాత్రంతా లేని తప్పు కోసం కోడ్ వెతుక్కుంటూ కూర్చున్నాను. అప్పటినుంచి ఆ పచ్చరంగును నమ్మను.

టెర్మినల్_తాత:
వాళ్లకు మీరు డబ్బు కడతారు. ఆర్చ్‌కి ఎంత కట్టారు?

నల్లతెర:
మళ్లీ డబ్బు దగ్గరికే వచ్చాం.

ఓరుగల్లు_ల్యాబ్:
డబ్బుంటే స్టేటస్ పేజీ నిజం చెప్తుందనుకోకండి. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ ఎస్3 (ఫైళ్లు దాచే క్లౌడ్ సర్వీసు) పడిపోయినప్పుడు వాళ్ల స్టేటస్ డాష్‌బోర్డును వాళ్లే మార్చలేకపోయారు, దాన్ని మార్చే టూల్ కూడా ఎస్3 మీదే నడుస్తోంది కాబట్టి. ట్విట్టర్‌లో చెప్పుకోవాల్సి వచ్చింది.
ఆర్చ్ ప్రకటనలో ఇంకో మాట ఉంది, ఎవరూ పట్టించుకోలేదు. వాళ్ల హోస్టింగ్ సంస్థ టీసీపీ సిన్ ఆథెంటికేషన్ పెట్టింది. అంటే వచ్చేది నిజమైన అడ్రస్ నుంచా, దొంగ అడ్రస్‌తో వచ్చిన ప్యాకెట్టా అని తేల్చుకోవడానికి మొదటి కనెక్షన్‌ను తెంచేస్తుంది. మళ్లీ ప్రయత్నిస్తే తీసుకుంటుంది. ఇప్పుడు ఆలోచించండి. రెండోసారి ప్రయత్నించే మానిటర్‌కు (సైటు తెరుచుకుంటోందా అని చూస్తుండే ప్రోగ్రామ్) సైటు బాగున్నట్టే కనిపిస్తుంది. ఒకే ఒక్కసారి ప్రయత్నించి ఆగిపోయే స్క్రిప్టుకు ఎర్రర్ వస్తుంది. ఇద్దరూ చూసింది నిజమే.

కృష్ణలంక_కుర్రోడు:
అదే నేను మొత్తుకునేది! ఆ ఒక్క వాక్యం స్టేటస్ పేజీలో అన్నిటికంటే పైన ఉండాలి. ఊళ్లో కరెంటు పోతే లైన్‌మన్‌కి ఫోన్ చేస్తాం. "ఎల్‌సీ తీసుకున్నాం (పని కోసం లైను ఆపేశాం), రెండు గంటలు పడుతుంది" అంటే మన పని మనం చూసుకుంటాం. ఫోన్ ఎత్తకపోతేనే టెన్షన్.

టెర్మినల్_తాత:
లైన్‌మన్ స్తంభం ఎక్కినప్పుడు కింద ఎవడూ నిచ్చెన లాగడు. ఇక్కడ లాగేవాడు ఉన్నాడు. ఆ తేడా మీకు ఎక్కట్లేదు.
నేనూ కొన్నాళ్లు ఒక చిన్న సైటు చూసుకున్నాను, జీతం లేకుండా. దాడి వచ్చింది. జనం తిడుతున్నారని "ఫలానా పోర్టు మూసేశాం, ఇప్పుడు బాగుంది" అని పోస్టు పెట్టాం. కాసేపటికే రెండో అడ్రస్ మీద పడ్డారు. పోస్టు పెట్టిన ప్రతిసారీ అదే జరిగింది. మా అమ్మాయి పరీక్షల సమయం అది, ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. ఆ టైంలో "పారదర్శకత ఏదీ?" అని అడిగినవాళ్లను నేను మర్చిపోలేదు. ఉచితంగా పనిచేసేవాడి నిద్ర కూడా మీకు బాకీ ఉన్నట్టు మాట్లాడకండి.

నల్లతెర:
ఇద్దరూ కాస్త తగ్గండి.

కృష్ణలంక_కుర్రోడు:
నేను ఎవరి నిద్రా అడగలేదు. ఎలా అడ్డుకుంటున్నారో చెప్పొద్దు, ఒప్పుకుంటాను. కానీ సైటు తెరుచుకుంటోందా లేదా అన్నది దాడిచేసేవాడికి ముందే తెలుసు, వాడు చూస్తూనే ఉంటాడు. తెలియనిది మనకే.

ఓరుగల్లు_ల్యాబ్:
నాకు అసలు భయం ఇక్కడే. దాడికి నెల ముందు, జులైలో, ఏయూఆర్‌లో లిబ్రెవుల్ఫ్-ఫిక్స్-బిన్ లాంటి మూడు ప్యాకేజీల్లో మాల్వేర్ దొరికింది. వాటిని 18న తీసేశారు. మిర్రర్ల నుంచి వచ్చేవాటికి డిజిటల్ సంతకాల తనిఖీ ఉంటుంది, ఏయూఆర్ స్క్రిప్టును మనమే చదువుకోవాలి. ఇప్పుడు ఏయూఆర్ పడిందనుకోండి, కాలేజీ పిల్లలు ఏం చేస్తారు? ఎవడో ఇచ్చిన లింకు నుంచి దించుతారు. కోడ్ దాచుకునే సైటు గిట్‌హబ్‌లో ఆర్చ్ వాళ్లదే ఏయూఆర్ నకలు ఉంది. ఆ సంగతి వాళ్లు రాసింది ఎక్కడ? దాడిలో ఉన్న ఆ మెయిన్ సైటులోనే.

టెర్మినల్_తాత:
మెయిలింగ్ లిస్టు కూడా ఉందమ్మా. అయినా నువ్వన్నది సరైన మాటే. అసలైన నకలు ఎక్కడ ఉందో చెప్తే దాడిచేసేవాడికి ఒరిగేది ఏమీ లేదు. అది ముందే, స్టేటస్ పేజీలోనే ఉండాలి.

కృష్ణలంక_కుర్రోడు:
మరి "చివరిసారి ఎప్పుడు చూశాం, ఎక్కడినుంచి చూశాం, మొదటి ప్రయత్నంలోనే తెరుచుకుందా" అన్న లైను?

టెర్మినల్_తాత:
ఎప్పుడు అన్నది పెట్టొచ్చు. మొదటి ప్రయత్నమా కాదా అన్నదీ సరే. ఎక్కడినుంచి అన్నదానికి మాత్రం నేను ఒప్పుకోను. ఆ మానిటర్‌కు ఒక్కదానికి దారి వదిలి మిగతావాళ్లందరినీ ముంచేస్తారు. మీ పేజీ అప్పుడు ఇంకా పచ్చగా ఉంటుంది.

కృష్ణలంక_కుర్రోడు:
అలాంటప్పుడు నాలుగు చోట్ల నుంచి చూడాలి. ఊరి పేరు చాలు, అడ్రస్ అక్కర్లేదు. దీని మీద మాత్రం నేను తగ్గను.