చర్చ: హౌస్ సర్జన్లకు డీ-అడిక్షన్, సుఖవ్యాధుల క్లినిక్ డ్యూటీ తప్పనిసరి చేయాలా?

అడయార్ మెడిసిన్ పీజీ:

మా కాలేజీలో హౌస్ సర్జన్ల (ఎంబీబీఎస్ చివర ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్ చేసేవాళ్ల) డ్యూటీ పట్టిక మారుస్తున్నారు. పీజీల అభిప్రాయం కూడా రాసివ్వమన్నారు. నేను రాయబోయేది ఇది: ప్రతి హౌస్ సర్జన్ ఒక వారం డీ-అడిక్షన్ (వ్యసనం మాన్పించే) ఓపీలో, ఒక వారం సుఖవ్యాధుల క్లినిక్‌లో పనిచేయాలి. ఇష్టపడినవాళ్లే కాదు, అందరూ. చెన్నైలో చదువుతున్న, పనిచేస్తున్న మనవాళ్లు ఏమంటారో చూసి రాద్దామని ఇక్కడ పెడుతున్నాను.

ఈ రోగులు ముందుగా వచ్చేది స్పెషలిస్టు దగ్గరికి కాదు. రోజూ తాగే మనిషి తొడ ఎముక విరిగి ఆర్థో వార్డులో చేరతాడు. ఆ రోజు నుంచి తాగుడు బంద్. చివరిగా తాగిన 6 గంటల నుంచి 48 గంటల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండు రోజులు దాటాక డెలీరియం (మతి తప్పడం) మొదలైతే గోడ మీద పురుగులు పాకుతున్నాయంటాడు, సెలైన్ పీకేసుకుంటాడు, విరిగిన కాలితోనే మంచం దిగబోతాడు. ఇలాంటి కేసు ఎవరూ దగ్గరుండి చూపించకపోతే, అర్ధరాత్రి డ్యూటీలో ఉన్న హౌస్ సర్జన్‌కు మంచానికి కట్టించడం తప్ప ఇంకేం తోస్తుంది? చేరినప్పుడే "రోజూ ఎంత తాగుతారు, ఆఖరిసారి ఎప్పుడు తాగారు" అని అడిగి కేస్ షీట్‌లో రాసి ఉంటే ఫిట్స్ రాకుండా డయాజెపామ్, విటమిన్ బి1 అయిన థయమిన్ ముందే మొదలయ్యేవి. గ్లూకోజ్ కంటే ముందు థయమిన్ ఇవ్వాలని పరీక్షలో అందరం రాస్తాం. వార్డులో ఆ వరుస గుర్తుండాలంటే ఒక్కసారైనా చేతులతో చేసి ఉండాలి.

ఎయిమ్స్ చేసిన జాతీయ సర్వే 2019లో వచ్చింది. దాని ప్రకారం దేశంలో మద్యం తాగేవాళ్లు సుమారు 16 కోట్ల మంది. మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. వ్యసన చికిత్సలో సూపర్ స్పెషాలిటీ డిగ్రీ, డీఎం అడిక్షన్ సైకియాట్రీ అంటే ఢిల్లీ ఎయిమ్స్, చండీగఢ్ పీజీఐ, బెంగళూరు నిమ్హాన్స్ లాంటి కొద్ది చోట్లే. అక్కడి నుంచి బయటికొచ్చే కొద్దిమంది ఇంత జనాన్ని చూడలేరు. మిగిలిన 37 మందికి దిక్కు మామూలు ఎంబీబీఎస్ డాక్టరే.

క్రోంపేట హౌస్ సర్జన్:

అన్నా, మీ ఉద్దేశం మంచిదే, కానీ తప్పనిసరి అంటే నేను ఒప్పుకోను. ఇంటర్న్‌షిప్‌లో సైకియాట్రీ 2 వారాలు ఇప్పటికే ఉంది. ఆ రెండు వారాల్లో మేం చేసే పని శాంపిల్స్ ల్యాబ్‌కి మోయడం, డిశ్చార్జ్ సమరీలు రాయడం. ఇంకో రెండు క్లినిక్‌లు కలిపితే అక్కడా అదే జరుగుతుంది. లాగ్‌బుక్‌లో సంతకం పడుతుంది, మాకేమీ రాదు. పైగా నీట్ పీజీ ప్రవేశపరీక్ష టెన్షన్ నెత్తిమీద ఉంటుంది. అందరినీ తోసేస్తే నిజంగా నేర్చుకుందామని వచ్చినవాడికి కూడా రోగి పక్కన నిలబడే చోటు దొరకదు.

కొత్త సిలబస్‌లో ఎలక్టివ్‌లు (విద్యార్థి ఇష్టపడి ఎంచుకునే పోస్టింగులు) ఉన్నాయి. ఆసక్తి ఉన్నవాళ్లు వాటిలో ఎంచుకుంటారు. మిగతావాళ్లకు ఆన్‌లైన్ కోర్సు చాలు. దూరంగా ఉన్న డాక్టర్లకు నిమ్హాన్స్ వాళ్లు వీడియోలో కేసులు చర్చిస్తూ వ్యసన చికిత్స నేర్పిస్తున్నారు కదా, అలాంటిది మాకూ పెట్టండి.

రాయపురం స్టాఫ్ నర్సు:

తమ్ముడూ, వీడియోలో డోసులు నేర్చుకోవచ్చు. ఎదుట కూర్చున్న మనిషిని అడగడం మాత్రం వీడియోలో రాదు. నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో చూసింది చెబుతాను. హౌస్ సర్జన్ మన తెలుగబ్బాయే, తమిళం సరిగా రాదు. మూత్రంలో మంట, చీము అని వచ్చిన ఒక కుర్రాడిని "ఎవరితోనైనా సంబంధం ఉందా" అని అడగాలి. భాష రాక, ఆ కుర్రాడితో వచ్చిన వదినతో ఆ ప్రశ్న అడిగించాడు. కుర్రాడు తలదించుకుని లేదన్నాడు. కేస్ షీట్‌లో లేదు అనే పడింది. ఆ అబ్బాయి చెడ్డ డాక్టర్ కాడు, ఇలా చేయకూడదని ఎవరూ దగ్గరుండి చెప్పలేదంతే. ముందు తోడు వచ్చినవాళ్లను బయటికి పంపాలి, తలుపు వేయాలి, "ఇది అందరినీ అడిగేదే" అని చెప్పి మొదలుపెట్టాలి. తమిళంలో ఈ నాలుగు ప్రశ్నలూ సిగ్గుపడకుండా, ఎదుటివాడు సిగ్గుపడకుండా ఎలా అడగాలో మా క్లినిక్ కౌన్సెలర్ దగ్గర ఒక్క వారం కూర్చుంటే వస్తుంది.

ఇంకో మాట. ఇంతసేపూ హౌస్ సర్జన్లు, హౌస్ సర్జన్లు అంటున్నారు. నర్సింగ్ విద్యార్థుల సంగతి ఎవరూ ఎత్తలేదు. మొగుడికి తెలియకుండా కూరలో తాగుడు మాన్పించే డైసల్ఫిరామ్ మందు కలుపుతున్నానని భార్య డాక్టర్‌తో చెప్పదు, సూది వేసే నర్సు చెవిలో చెబుతుంది. అతను ఆ సాయంత్రం టాస్మాక్ (ప్రభుత్వ మద్యం దుకాణం) నుంచి ఒక క్వార్టర్ తెచ్చుకుని తాగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఆవిడకు ఏం చెప్పాలో మా పిల్లలకు తెలియాలా వద్దా? ట్రైనింగ్ పెడితే ఇద్దరికీ కలిపి పెట్టండి.

కీల్పాక్ ఫోరెన్సిక్ టీచర్:

సుఖవ్యాధుల వైపు నుంచి నేను కొంచెం చెబుతాను, ఎందుకంటే ఆ పాఠాలు చాలా ఏళ్లు మా సబ్జెక్టులోనే తప్పుగా చెప్పాం.

స్వలింగ సంబంధాలను అసహజ నేరాల కింద, కన్యత్వ పరీక్షను శాస్త్రం కింద మా పుస్తకాలు చెప్పేవి. 2018లో సుప్రీంకోర్టు సెక్షన్ 377 మీద తీర్పిచ్చి స్వలింగ సంబంధాలు నేరం కాదన్నాక కూడా పాఠం మారలేదు. 2021లో మన మద్రాసు హైకోర్టులో, జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ ముందున్న కేసులో ఈ సిలబస్ సంగతి వచ్చాక వైద్యవిద్యను నియంత్రించే ఎన్‌ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) కదిలింది. 2022 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు అత్యాచార బాధితులకు చేసే రెండు వేళ్ల పరీక్షను సిలబస్ నుంచే తీసేయమంది. ఇంత జరిగాక, 2024 ఆగస్టు చివర వచ్చిన కొత్త సిలబస్‌లో ఆ పాత మాటలు మళ్లీ కనిపించాయి. గొడవయ్యాక సెప్టెంబర్‌లో వెనక్కి తీసుకుని సవరించారు. కాగితం మీద పాఠం ఇటు మారుతుంది, అటు మారుతుంది. ట్రాన్స్‌జెండర్ రోగిని ఒకసారి కూర్చోబెట్టి మర్యాదగా రోగ వివరాలు అడిగి రాసుకున్న విద్యార్థి అంత సులభంగా మారడు. అందుకే నా ఓటు క్లినిక్‌కే.

ఈ ఊరికి ఇది కొత్త పనేం కాదు. 1986లో దేశంలో మొదటి హెచ్‌ఐవీ కేసులు బయటపడింది ఇక్కడే. మద్రాస్ మెడికల్ కాలేజీలో డాక్టర్ సునీతి సోలమన్ దగ్గర చదువుతున్న సెల్లప్పన్ నిర్మల అనే పీజీ విద్యార్థిని సెక్స్ వర్కర్ల దగ్గరికి వెళ్లి, మాట్లాడి, రక్తం సేకరించింది. విద్యార్థిని చేసిన పని అది. ఆ కాలేజీ ఆసుపత్రిలో సుఖవ్యాధులకు ప్రత్యేకంగా ఇన్‌స్టిట్యూట్ ఉంది. వ్యసనం వైపు చూస్తే, శాంతి రంగనాథన్ గారు 1980లో మొదలుపెట్టిన టీటీ రంగనాథన్ సంస్థ ఇందిరానగర్‌లో ఆసుపత్రి నడుపుతోంది, కౌన్సెలర్లకు శిక్షణ కూడా ఇస్తోంది. నేర్పే చోట్లు ఊళ్లోనే ఉంటే, పిల్లల్ని పంపడానికి మనకేం అడ్డం?

సౌకార్‌పేట జీపీ:

అడ్డం ఉంది మేడమ్. ఇంతవరకూ రోగి మాట ఎవరూ ఎత్తలేదు.

పక్క వీధివాళ్లకు కనపడకుండా, డ్యూటీకి సెలవు పెట్టి, ముఖానికి కర్చీఫ్ కట్టుకుని క్లినిక్‌కు వచ్చిన మనిషి లోపలికి అడుగుపెట్టేసరికి ఎనిమిదిమంది కోటు వేసుకున్న పిల్లలు నోట్‌బుక్కులతో నిలబడి ఉంటే మళ్లీ రాడు. భార్యనూ తీసుకురాడు. సుఖవ్యాధిలో ఇద్దరికీ కలిపి మందు ఇవ్వకపోతే చికిత్స సగమే. 2017 హెచ్‌ఐవీ చట్టం రోగి వివరాలు బయటపడకూడదంటుంది. ఆ బాధ్యత ఇంకా డిగ్రీ పూర్తికాని పిల్లల మీద ఎంతవరకు పెడతాం? నేను ట్రైనింగ్‌కు వ్యతిరేకిని కాను. తప్పనిసరి అంటే సంఖ్య వస్తుంది, సంఖ్యకు నేను వ్యతిరేకిని.

ఇంకోటి అడుగుతాను, పీజీ బాబు చెప్పాలి. పదహారేళ్ల అమ్మాయి తెల్లబట్ట అవుతోందని వచ్చి, ఒక అబ్బాయితో సంబంధం ఉందని హౌస్ సర్జన్‌తో చెప్పింది. పిల్లలపై లైంగిక నేరాల చట్టం, పోక్సో, సెక్షన్ 19 ప్రకారం పోలీసులకు చెప్పాలి. చెబుతారని తెలిస్తే ఆ అమ్మాయి చికిత్సకే రాదు. ఇరవై ఏళ్లకు పైగా రోగులను చూస్తున్న నాకే ప్రతిసారీ గుండె పట్టేస్తుంది. వారం రోజుల డ్యూటీలో దీన్ని ఎలా నేర్పుతారు?

అడయార్ మెడిసిన్ పీజీ:

సార్, సంఖ్య గురించి మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం. ఎనిమిదిమంది వద్దు. సుఖవ్యాధుల క్లినిక్‌లో ఒక గదిలో ఒక్క విద్యార్థి, రోగి సరే అంటేనే. వద్దంటే బయట ఫార్మసీ దగ్గర పని. ఏ లక్షణానికి ఏ రంగు మందుల కిట్ ఇస్తారో, చీముకు బూడిదరంగు, పుండుకు తెలుపు, కడుపు కింద నొప్పికి పసుపు, అక్కడే వస్తుంది. భార్యకు కూడా కిట్ ఎలా పంపాలో అక్కడే తెలుస్తుంది. అదీ ట్రైనింగే.

పోక్సో ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. 2022లో సుప్రీంకోర్టు అబార్షన్ కేసులో మైనర్ పేరు బయటపెట్టనక్కర్లేదని డాక్టర్లకు కొంత వెసులుబాటు ఇచ్చింది. మామూలు చికిత్సకు అంత స్పష్టత లేదు. కానీ ఇది మీలాంటివాళ్లకే కష్టమైతే, డిగ్రీ చేతికొచ్చిన మర్నాడు పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) ఒంటరిగా కూర్చునే కుర్రాడి గతి ఏమిటి? సీనియర్ ఆ అమ్మాయితో ఏ మాటలు వాడుతుందో, ముందు ఏం చెబుతుందో, ఎవరికి ఫోన్ చేస్తుందో ఒక్కసారి వినాలి సార్. వారంలో నిపుణుడు కాడు, కానీ భయపడి అమ్మాయిని తిప్పి పంపడు.

తమ్ముడూ, నీ మాటకు కూడా. కొత్త వారాలు అడగను. ఉన్న సైకియాట్రీ 2 వారాల్లో ఒకటి డీ-అడిక్షన్‌కు, స్కిన్ పోస్టింగ్‌లో కొన్ని రోజులు సుఖవ్యాధులకు. శాంపిల్స్ మోసే పని ఆ రోజుల్లో ఇవ్వకూడదని అదే కాగితంలో రాస్తాను.

క్రోంపేట హౌస్ సర్జన్:

రాస్తే సరిపోదన్నా. చూసేదెవరు? సంతకం పెట్టేది మమ్మల్ని ల్యాబ్‌కి పంపే యూనిట్ వాళ్లే అయితే ఏమీ మారదు. కౌన్సెలర్ సంతకం ఉండాలి. "ఇతను ముగ్గురు రోగులను తాగుడు ఎంతుందో తేల్చే ఆడిట్ (AUDIT) ప్రశ్నలు పదీ అడిగాడు, ఒకరికి చికిత్స మొదలుపెట్టడం చూశాడు" అని ఆవిడ రాయాలి. అలా అయితే నేను కూడా సంతకం చేస్తాను. తప్పనిసరి అన్న మాట మీద మాత్రం నాకింకా అనుమానమే, ఒక బ్యాచ్‌కు చేసి చూశాక మాట్లాడదాం.

రాయపురం స్టాఫ్ నర్సు:

నర్సింగ్ వాళ్లకూ అదే కాగితంలో ఒక పేరా పెట్టండి బాబూ. మా టీచర్లతో నేను మాట్లాడతాను.

అడయార్ మెడిసిన్ పీజీ:

పెడతాను అక్కా. కౌన్సెలర్ సంతకం, గదికి ఒక్కరు, రోగి అనుమతి, నర్సింగ్ విద్యార్థులు, ఒక బ్యాచ్‌తో మొదలు. ఈ అయిదూ చేర్చి రాత్రికి డ్రాఫ్ట్ ఇక్కడ పెడతాను. సౌకార్‌పేట సార్, పోక్సో పేరా మీరే రాసివ్వండి, దాన్ని నేను రాయకూడదు.